ఇరవై సరి

మార్చి 2, సోమవారం

రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. ఎంత నడిచాను, ఎంతసేపు పడుకున్నాను, గుండె ఎప్పుడు దడదడలాడింది, అన్నీ రాయాలట. పద్దెనిమిదేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో కత్తులూ కత్తెర్లూ అందిస్తున్న నర్సుని, నాకు హోంవర్కు ఇచ్చి పంపాడు ఆ డాక్టరు. చూస్తే నాకన్నా పదేళ్లు చిన్న. ఊరికి ఆ చివరనున్న క్లినిక్ కాబట్టి సరిపోయింది, మావాళ్లెవరూ అటు రారు. అయినా సరే, అక్కడ కూర్చున్నంతసేపూ తేలు కుట్టిన దొంగలాగే ఉన్నాను.

రెండు వారాల కిందట స్టోర్ గదిలో గ్లవ్స్ పెట్టె దించుతుంటే ఉన్నట్టుండి గుండె ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను, నిజంగానే. పది నిమిషాలు నేలమీద కూర్చుని లేచి, పొద్దున ఏమీ తినలేదని అందరికీ అబద్ధం చెప్పాను. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. గుండె బాగానే ఉందట, పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయట. ఇది కంగారు జబ్బట.

మాత్రలు రాస్తానన్నాడు. వద్దన్నాను. ఏటా మాచేత నింపించే ఫారంలో 'మానసిక సమస్యలకు మందులు వాడుతున్నారా' అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టిన మర్నాడే నన్ను థియేటర్లోంచి తీసి పాత ఫైళ్ల గదిలో కూర్చోబెడతారు. కిందటేడు ఒకావిడకు అదే జరిగింది. థియేటర్ లేకపోతే నేనెవర్ని? నాకు వేరే పని రాదు, నేర్చుకోవాలని కూడా లేదు.

"సరే, మందుల్లేకుండానే మొదలుపెడదాం" అన్నాడు. టీ మానాలి. రోజూ నలభై నిమిషాలు నడవాలి. వేళకు పడుకోవాలి. దడ మొదలైతే లెక్కపెట్టి ఊపిరి తీయాలి: నాలుగు దాకా లోపలికి, ఏడు దాకా ఆపి, ఎనిమిది దాకా బయటికి. చేసిన పనిని మళ్లీ మళ్లీ వెళ్లి చూసుకునే అలవాటు మానాలి. ఆఖరిది, పనిచేసేచోట ఒక్కరికైనా ఈ సంగతి చెప్పాలి.

ఆఖరిది తర్వాత చూద్దాం.

మార్చి 4

టీ మాని రెండో రోజు. తల పగిలిపోతోంది. ఎవరు పలకరించినా కరవాలనిపిస్తోంది.

మార్చి 6, శుక్రవారం

అక్కతో కలిసి నడక. అక్క మా పైవాటాలోనే ఉంటుంది, మొక్కలమ్మే కొట్లో పని. ఇంట్లోవాళ్లలో ఆమెకొక్కదానికే చెప్పాను. చెప్పడమే పాపమైంది, డాక్టరిచ్చిన కాగితాన్ని వంటింటి గోడకి అంటించి పోలీసులా కాపలా కాస్తోంది.

వీధి మలుపు దాకా వెళ్లాక నా కాళ్లు ఆగిపోయాయి. గ్యాస్ కట్టేశానా?

"కట్టేశావు. నేను చూశాను" అంది అక్క.

"నువ్వు వంటింట్లోకే రాలేదు."

"రాకపోతేనేం. ఇల్లు తగలబడితే నా ఇంట్లో ఉందువుగానిలే."

"నీ ఇల్లు దాని నెత్తిమీదే ఉంది కదా!"

ఇద్దరం రోడ్డుమీదే నవ్వాం. కానీ వెనక్కి మాత్రం వెళ్లనివ్వలేదు. "ఒకసారే చూసుకో. రెండోసారి చూశావంటే నీ భయానికి మేత వేసినట్టే. మేత వేసేకొద్దీ బలిసి కూర్చుంటుంది" అంది. చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నలభై నిమిషాలూ నాకు కాలిన వాసనే. తిరిగొచ్చి చూస్తే గ్యాస్ కట్టేసే ఉంది.

మార్చి 9, సోమవారం

ఇవాళ థియేటర్లో దడ మొదలైంది. నాలుగు, ఏడు, ఎనిమిది. మాస్కు వెనకాల ఎవడికి తెలుస్తుంది? మూడు విడతలకే దిగిపోయింది. పక్కనే ఉన్న పిచ్చుక కూడా కనిపెట్టలేదు. పిచ్చుక అంటే నా జంట నర్సు, ఒకచోట నిలబడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. పదకొండేళ్లుగా ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర. దానికి చెప్పొచ్చు. చెబితే ఏడుస్తుంది, ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా కళ్లు పెద్దవి చేస్తుంది. వద్దులే.

ఈ ఊపిరి లెక్క భలే మందు. ఖర్చు లేదు, ఫారంలో గడి లేదు.

మార్చి 11

తాళం మళ్లీ లాగి చూడకుండా బయటపడటం ఇది మూడో రోజు. ఆరు గంటలు పడుకున్నాను.

మార్చి 12, గురువారం

ఇవాళ గెలిచాను. దీన్ని వివరంగా రాసుకోవాలి.

పెద్ద కేసు. దర్జీ పనిచేసే ఆవిడ, నలభై అయిదేళ్లుంటాయి, గర్భసంచిలో గడ్డ. మత్తు ఇచ్చేముందు "చక్కగా కుట్టండి సార్, నేను కుట్టు చూస్తాను" అని పెద్ద డాక్టర్ని నవ్వించింది. సగంలో ఉండగా రక్తం పొంగింది. "మాప్, మాప్" అని డాక్టరు ఒకటే అరుపు. నాలుగు కట్టలు విప్పాం. కట్టకి అయిదు.

(సాయంత్రం ఇదంతా చెబుతుంటే, "పొట్టలో ఇల్లు తుడిచే మాప్ ఎందుకే?" అంది అక్క. రక్తం అద్దే గుడ్డ మహాతల్లీ, నాలుగు జేబురుమాళ్లు కలిపినంత ఉంటుంది, అన్నాను. "మరి అలా ఏడవచ్చుగా" అంది.)

రక్తం ఆగింది. పొట్ట మూసేముందు లెక్క. తొట్టిలోంచి ఒక్కో మాప్ పైకెత్తి అంకె పైకి చెప్పడం నా వంతు. అది చూసి నాతోపాటు అదే అంకె చెప్పి బోర్డుమీద రాయడం పిచ్చుక వంతు. రెండు జతల కళ్లు, రెండు నోళ్లు. పిచ్చుక బ్లడ్ బ్యాంకు వాళ్లతో ఫోన్లో ఉంది, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి నా అంకెలు వింటూ గీతలు పెడుతోంది. ఎన్నేళ్ల అలవాటు, నా నోట లెక్క తప్పదు. పదకొండు దగ్గర దడ మొదలైంది. గట్టిగా. కళ్లముందు చుక్కలు. నేను చెయ్యి ఆపలేదు, ఊపిరి లెక్క మొదలుపెట్టాను. లోపల నాలుగు, ఏడు, ఎనిమిది, బయట పన్నెండు, పదమూడు. ఇరవై దగ్గరికి వచ్చేసరికి దడ దిగిపోయింది. పిచ్చుక బోర్డుమీద 'ఇరవై సరి' అని రాసింది.

"సరేనా?" అన్నాడు డాక్టరు.

"సరే సార్."

మూసేశాడు. సంతకం పెట్టాను.

బట్టలు మార్చుకుంటుంటే వచ్చింది అనుమానం. పదకొండు తర్వాత పన్నెండు అన్నప్పుడు నా చేతిలో మాప్ ఉందా? ఎత్తినట్టు గుర్తుంది. అంకె గుర్తుంది. బరువు గుర్తులేదు. వాడిన మాప్‌ల సంచి అయిదింటికి బండి వచ్చేదాకా మురికి బట్టల గదిలోనే ఉంటుంది. ఆ గది తలుపుమీద చెయ్యి కూడా వేశాను. ఒకసారే చూసుకో. ఒకసారి లెక్కపెట్టాను. ఇది గ్యాస్, ఇది తాళం, ఇది అదే. భయానికి మేత వేయను. చెయ్యి తీసేసి ఇంటికి వచ్చేశాను.

మళ్లీ చూసుకోకుండా వచ్చేశానని మాత్రం అక్కతో చెబితే కౌగలించుకుంది. ఎంత తేలిగ్గా ఉందో.

మార్చి 13

బాగానే పడుకున్నాను. మూడున్నర గంటలు. మురికి సంచులు నిన్ననే వెళ్లి కాలిపోయి ఉంటాయి కాబట్టి ఇక ఆలోచించాల్సింది ఏమీ లేదు.

మార్చి 14, శనివారం

వార్డు వైపు నాకు పని లేదు. అటుగా వెళ్తున్నాను కదా అని దర్జీ ఆవిడను చూసొచ్చాను. జ్వరం నూట ఒకటి. పెద్ద ఆపరేషన్ తర్వాత రెండోరోజు జ్వరం మామూలే. పుస్తకాల్లో ఉంది.

నుదుటిమీద చెయ్యి వేస్తే కళ్లు తెరిచింది. "సిస్టర్, లోపల ఏదో పట్టేసినట్టుంది. కుట్టు నొప్పి కాదు. ఇంకేదో" అంది. "ఆపరేషన్ అంటే అంతేనమ్మా. భయపడకండి. భయానికి నొప్పి ఎక్కువవుతుంది" అన్నాను. నాలుగు, ఏడు, ఎనిమిది నేర్పాను. పక్కన కూర్చుని మూడుసార్లు నాతోపాటు చేయించాను. బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టే చేసింది. "తగ్గినట్టుంది" అని నవ్వింది కూడా.

మంచి పని చేశానన్న తృప్తి. ఇవాళ గంట నడిచాను.

వచ్చిన ప్రతి ఆలోచననూ లోపలికి పిలవక్కర్లేదట. గుమ్మంలోంచే పంపెయ్, కుర్చీ వెయ్యకు అంటుంది అక్క. పంపేస్తూనే ఉన్నాను. పెరటి గుమ్మంలోంచి వస్తోంది.

మార్చి 15, ఆదివారం

పాత దుప్పటి ఒకటి ఇరవై ముక్కలుగా చించాను. "మతిపోయిందా, బాగున్న దుప్పటి!" అని అక్క కేకలు. చెప్పాను. అంతా చెప్పాను, చెయ్యి వేసిన తలుపు సంగతితో సహా.

"ఇదంతా నీ జబ్బే. అనుమానం పెట్టిన చిచ్చు" అంది.

"అదే తేల్చుకుంటాను."

ముక్కల్ని తడిపి బకెట్లో వేశాను. గుండె దడ రావాలి కదా, మూడంతస్తుల మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను. పక్కింటావిడ తలుపు తీసి చూసి మళ్లీ వేసుకుంది. వగరుస్తూనే లెక్కపెట్టాను, లోపల ఊపిరి అంకెలు, పైకి గుడ్డల అంకెలు. ఇరవై. అక్క చూసింది, ఇరవై సరే. ప్రాణం లేచొచ్చింది. మళ్లీ మెట్లెక్కి వచ్చి మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై. మూడోసారి కూడా ఇరవై అన్నాను.

అక్క కొంగుచాటు నుంచి ఒక తడి గుడ్డ తీసి టేబుల్ మీద పెట్టింది.

"నువ్వు మెట్లు ఎక్కుతుంటే ఒకటి తీసి దాచానే. పంతొమ్మిది అంటావు, నీకు ధైర్యం వస్తుందని. నువ్వు పట్టుకుంటావనే అనుకున్నా." బకెట్ చూపించింది. "పదమూడు అన్నప్పుడు నీ చెయ్యి బకెట్లోకి వెళ్లలేదు. నోరొక్కటే కదిలింది. నేను చూస్తూనే ఉన్నాను."

ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడే ఫోన్ చెయ్యి" అంది.

"ఆదివారం. పెద్ద డాక్టరు ఉండడు."

"ఎక్కడుంటే అక్కడికి చెయ్యి."

"చేసి ఏమంటాను? మా ఇంట్లో దుప్పటి ముక్కల లెక్క తప్పిందంటానా? ఇది ఎక్కడికి పోతుందో తెలుసా నీకు? ఫారంలో గడి సంగతి దేవుడెరుగు, నా సర్టిఫికెట్టే పోతుంది!"

"ఆమె ప్రాణం పోతే?"

నేను అరిచాను. అక్కా అరిచింది. ఆ మాటలు రాయదగినవి కావు.

వార్డుకి మాత్రం ఫోన్ చేశాను. జ్వరం నూట రెండున్నర. డ్యూటీ డాక్టరు చూసి యాంటీబయాటిక్ మార్చాడట. "నొప్పి ఏమైనా అంటోందా?" అన్నాను. "లేదండీ, అడిగితే బాగానే ఉందంటోంది. కళ్లు మూసుకుని తనపాటికి తను ఊపిరి తీసుకుంటూ ఉంటోంది, పాపం ఎవర్నీ విసిగించదు" అంది వార్డు నర్సు.

నొప్పి లేదంటే ఏమీ లేనట్టే. లోపల ఏదైనా ఉంటే నొప్పి ఉండదా?

రేపు పొద్దున్నే చెబుతాను.

రేపు.

మార్చి 16, సోమవారం

చెప్పాను.

ఏడింటికి పెద్ద డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు, సబ్బు నురుగు మోచేతుల దాకా ఉంది. పక్కన నిలబడ్డాను. గుండె గొంతులో ఉంది. ఊపిరి లెక్క పెట్టబోయి మానేశాను, అది పెడితే ఈ మాట కూడా సద్దుమణిగిపోతుందని భయమేసింది.

"సార్, గురువారం కేసు. మాప్ లెక్క తప్పు."

కొళాయి అలాగే పారుతోంది. "సరి అని సంతకం పెట్టావు కదమ్మా."

"పెట్టాను సార్. సరి కాదు. ఒకటి లోపల ఉండి ఉంటుంది."

"ఉండి ఉంటుందా, ఉందా?"

"ఉంది సార్."

నావైపు తిరిగి చూడలేదు. చేతులు దులుపుకుని "ఎక్స్‌రే. ఇప్పుడే" అని అరుచుకుంటూ వెళ్లిపోయాడు. మాప్ అంచున ఎక్స్‌రేలో కనబడే దారం ఒకటి ఉంటుంది. ఫిల్ములో పొట్ట ఎడమవైపు కింద అది ముడతలు పడి కనబడింది. దర్జీ ఆవిడను మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు. నన్ను లోపలికి రావద్దన్నారు.

పిచ్చుక వరండాలో నా భుజం పట్టుకుని ఊపేసింది. "నన్ను కూడా ముంచేశావు కదే! నీ నోట్లోంచి వస్తే చాలనుకుని గీతలు పెట్టాను. తల ఎత్తి ఒక్కటీ చూడలేదు నేను. ఒక్కటీ!" అని, అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చింది. "ఒంట్లో బాగాలేదని నాతో ఎందుకు చెప్పలేదు? ఫోన్ కింద పడేసేదాన్ని కదా. ఆ ఇరవై నేనే లెక్కపెట్టేదాన్ని కదా."

మూడు గంటలు బెంచీమీద కూర్చున్నాను. మాప్ తీశారు. చుట్టూ చీము పట్టిందట. ఐసీయూలో ఉంచారు.

మార్చి 17

జ్వరం దిగలేదు. అన్నం దిగలేదు.

మార్చి 18, బుధవారం

పొద్దున జ్వరం నూటికి వచ్చిందని పిచ్చుక ఫోన్ చేసి చెప్పింది. ఆ ఒక్కమాట చెప్పి పెట్టేసింది. అయినా చేసింది.

మధ్యాహ్నం ఆఫీసుకి పిలిచారు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు. జరిగింది రాసివ్వమంటే నాలుగు పేజీలు రాశాను. స్టోర్ గది నుంచి మొదలుపెట్టాను, చేతి తిమ్మిర్లు, క్లినిక్, ఊపిరి లెక్క, సంచి గది తలుపు, దుప్పటి ముక్కలు. పిచ్చుక ఫోన్లో ఉన్నమాట కూడా రాశాను, ఆమె ఎందుకు ఫోన్లో ఉందో, బ్లడ్ బ్యాంకు నుంచి ఆ రక్తం రాకపోతే ఏమయ్యేదో అదీ రాశాను. ఆసుపత్రిలోని నర్సులందరికీ పెద్దదైన మేడమ్ అక్కడే కూర్చుని చదివింది.

"ఆ ఫారంలో గడికి భయపడి దాచారా?" అంది.

"అవును మేడమ్."

"ఇంకెంతమంది దాస్తున్నారో" అని కళ్లజోడు తీసి తుడుచుకుంది. నా మీద జాలి పడిందనుకోను. తన లెక్కలేవో తనకి గుర్తొచ్చి ఉంటాయి.

సాయంత్రం క్లినిక్‌కి వెళ్లి మాత్రలు రాయించుకున్నాను. నడక కూడా మానొద్దన్నాడు. "ఊపిరి వ్యాయామంలో తప్పు లేదండీ. అది దడని దించుతుంది, అంతే. దడ ఎందుకొచ్చిందో అది చెప్పదు, అది మీరే చూసుకోవాలి" అన్నాడు. ఈ ముక్క మొదటిరోజు చెప్పి ఉంటే బాగుండేది అనబోయాను. చెప్పాడేమో కూడా. నేను నాక్కావలసినవే విని ఉంటాను.

మార్చి 20, శుక్రవారం

దర్జీ ఆవిడను వార్డుకి మార్చారని తెలిసి వెళ్లాను. వెళ్లొద్దని అక్క అంది. "విచారణలో ఉన్నావు, నోరు జారితే నీకే నష్టం." అక్క మాట అబద్ధం కాదు.

ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. సగానికి సగమైపోయింది. ముఖంలో కళ్లు తప్ప ఏమీ లేవు. నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించింది. కూర్చోలేదు.

"ఆ రోజు గుడ్డలు లెక్కపెట్టింది నేనేనమ్మా."

"పెద్ద డాక్టరు చెప్పారు. ఒక నర్సు తనంతట తనే వచ్చి చెప్పింది, లేకపోతే కనిపెట్టడానికి ఇంకా ఆలస్యమయ్యేది అన్నారు. ఆ నర్సు ఎవరో మాత్రం చెప్పలేదు." దుప్పటి సర్దుకుంది. "పొరపాటు అంటారా, నేనూ చేతిపని చేసేదాన్నే. సూది లోపలే మరిచిపోయి రవిక ఇచ్చేశాను ఒకసారి. తొడుక్కున్నాక గాని తెలీలేదు ఆ పిల్లకి. దానికి మిమ్మల్ని ఏమీ అనను."

నమస్కారం పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మూడు రోజులూ లోపల ఒకటే నొప్పి సిస్టర్. కత్తి తిప్పినట్టు. డాక్టర్లు వచ్చి అడిగితే లేదనేదాన్ని. భయానికే నొప్పి ఎక్కువవుతుందని మీరన్నారు కదా. ఇది నా పిరికితనమే అనుకున్నాను. మీరు నేర్పినట్టే ఊపిరి తీసుకుంటూ పడుకున్నాను. మా అమ్మాయి ఏడుస్తుంటే, సిస్టర్ వచ్చి చూసి వెళ్లారు, ఏమీ లేదన్నారు అని దాన్ని కూడా ఊరుకోబెట్టాను."

మంచం ఇనుప కమ్మీ పట్టుకున్నాను.

"ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి. శనివారం వచ్చి నా నుదుటిమీద చెయ్యి వేశారే. అప్పటికి మీకు తెలుసా?"

అనుమానమే అని అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. విచారణలో అలాగే రాశాను, 'అనుమానం కలిగింది' అని. నాకు జబ్బు ఉందని, ఏది నిజం భయమో ఏది ఉత్త భయమో నాకు తెలిసేది కాదని చెప్పొచ్చు. ఆవిడ నమ్మేది కూడా. ఆ మనిషి నేనేం చెప్పినా నమ్ముతుంది.

కానీ తాళం కోసం, గ్యాస్ కోసం వెనక్కి పరిగెత్తే నేను, అటు వెళ్లే పని లేకపోయినా ఆ వార్డుకి ఎందుకు వెళ్లాను?

"తెలుసు" అన్నాను.

ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది. "మా అమ్మాయి వచ్చే వేళైంది, మీరు వెళ్లండి" అంది. వచ్చేశాను.